పెరిగే పిల్లకు పెద్ద సైకిలు

2022 ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో నేను సైకిలంగడి పెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. అంతకుముందు మద్రాసులో ఒక పెద్ద షాపులో ఫిట్టర్‌గా చేశాను. మనిషిని బట్టి సైకిలు ఎంచి, సీటూ హ్యాండిలూ వాళ్ళ ఒంటికి సరిచేసి ఇవ్వడం ఫిట్టర్ పని. రోడ్ బైకులంటే తెలిసే ఉంటుంది. సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిలు, ఒంటిచేత్తో లేపగలిగే బరువు. మద్రాసులో ఉద్యోగస్తులు ఉత్సాహపడి కొంటారు, నెల తిరక్కుండానే బాల్కనీలో దానిమీద తువ్వాళ్ళు ఆరేస్తారు. అట్లాంటివి తెచ్చి, బాగుచేసి ఇక్కడ అమ్ముతాను. గిరాకీ తక్కువే. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్ళు, షుగరొచ్చిన టీచర్లు, అప్పుడప్పుడు కలిగిరి నుంచో ఉదయగిరి నుంచో ఒకరిద్దరు వస్తుంటారు.

వచ్చిన ప్రతివాడూ మొదట రంగు చూస్తాడు, తర్వాత గేర్లు లెక్కపెడతాడు. సైజు అడిగేవాడు ఒక్కడూ ఉండడు. సీటు ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫ్రేమ్, అంటే బండి అస్థిపంజరం, దాని పొడవు మాత్రం ఎవరూ మార్చలేరు. సీటు మీద కూర్చుని చేతులు చాపి హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు కాస్త వంగి ఉండాలి. ఆ చాపే దూరాన్ని మేము రీచ్ అంటాం. రీచ్ ఎక్కువైతే నడుం పడుతుంది, మెడ పడుతుంది. వాటిని ఓర్చుకోవచ్చు. బ్రేకు అందకపోతే మాత్రం ఓర్చుకునేదేమీ లేదు.

సలోమి అప్పుడు తొమ్మిది పాసై పదికి వచ్చింది. తండ్రి యేసేబు బేల్దారి పని చేస్తాడు. ఆయన ఎక్కడ గోడ కడుతుంటే అక్కడికి మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి డొక్కు సైకిలు మీద పోయేది ఆ పిల్ల. ఆ వేగం చూసి బళ్ళో వ్యాయామం టీచరు నా దగ్గరికి తీసుకొచ్చాడు. మనిషి పొట్టి, చేతులు పొట్టి, కాళ్ళలో మాత్రం ఇంజను ఉంది. నా దగ్గర గీతలు పడ్డ పాత నీలం బండి ఒకటి ఉండేది, అన్నిటికన్నా చిన్న సైజు. కొలిచి చేయించినట్టు సరిపోయింది. రోజూ పొద్దున తీసుకుపోయి తొక్కి, తుడిచి తెచ్చి పెట్టేది. దాని మీదే జిల్లా పోటీలో గెలిచింది. రెండు నెలల్లో నెల్లూరులో స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లు. అందులో సీటొస్తే తిండి, చదువు, కోచింగు అన్నీ వాళ్ళే చూస్తారు. రాకపోతే పది అయ్యాక అమ్మ వెంట కలువాయి నిమ్మతోటల్లో కాయలు కొయ్యడానికి పోవడమే. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మాదంతా ఒకే బాప్టిస్టు సంఘం. సంఘం పెద్ద దేవసహాయం సారు రిటైరైన హెడ్మాస్టరు, నాకు చెవి మెలేసి ఎక్కాలు నేర్పిన మనిషి. ఆయన మంచితనాన్ని అనుమానించేవాడు మా ఊళ్ళో పుట్టలేదు. మన బిడ్డ జిల్లాలో గెలిస్తే పాత బండి మీద పోవడమేందని ఆయన ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేశాడు. ఎవరికీ చెప్పకుండా నెల్లూరు పోయి కొత్త రోడ్ బైకు కొనుక్కొచ్చాడు. ఆ పిల్లను వెంట తీసుకుపోలేదు. ముందే తెలిస్తే సంతోషం ఏముంటుందని.

ఆదివారం ఆరాధన మధ్యలో, ముందర కప్పి ఉంచిన దుప్పటి తీశారు. ఎర్రటి బండి తళతళా మెరుస్తోంది. చివరి బెంచీ నుంచే నాకు సైజు తెలిసిపోయింది. అది నా ఎత్తువాడికి సరిపోయే ఫ్రేమ్. సలోమి పోయి పక్కన నిలబడితే పై గొట్టం ఆమె నడుం దాకా వచ్చింది. పాస్టరు హ్యాండిలు మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. వాళ్ళమ్మ ఏడ్చింది, సారు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు నోరు కట్టేసుకోవడం చేతకాదు. ఆవరణలోనే సారును పట్టుకున్నాను.

"సార్, ఆ అమ్మికి ఇది బో పెద్దది. బిల్లుండాది గదా, రేపే పోయి మార్చుకోని రాండి."

"పెరిగే పిల్ల గదరా ప్రభుదాసూ! యూనిఫాం కుట్టించేటప్పుడు లోపల మడత వదిలి కుట్టించమా? రెండేళ్ళు తొక్కాల్నా వద్దా?"

"గుడ్డకు మడత పెడతాం సార్. గొట్టానికి ఎట్టా పెడతాం?"

వెనక నుంచి ఎవరో, "వాళ్ళంగట్లో కొనలేదని కడుపుమంటలే" అన్నారు. కొందరు నవ్వారు. సారు ముఖం చిన్నబోయింది. అక్కడే, అంతమంది ముందర, సలోమిని పిలిచాడు.

"ఏమ్మా, బండి బాగుండాదా?"

"బాగుండాది సార్."

అందరూ చప్పట్లు కొట్టారు. నా మాట అక్కడితో సరి.

మర్నాడు యేసేబు బండి తోసుకుంటూ వచ్చాడు, వెనక సలోమి. "అన్నా, ఏదో ఒకటి చేసి ఆ అమ్మికి సరిపోయేటట్టు చెయ్యి" అన్నాడు. సీటు అడుగుకు దించి, ముందుకు జరిపాను. హ్యాండిలును ఫ్రేముకు కలిపే ముక్కను స్టెమ్ అంటారు, అది తీసేసి నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పొట్టిది వేశాను. ఎక్కి బ్రేకు పట్టుకోమన్నాను. ఒళ్ళంతా సాగదీసుకుంటే వేళ్ళ కొసలు మాత్రమే పిడి మీద పడ్డాయి. ఆ పట్టుకు చదును రోడ్డు మీద చక్రం ఆగుతుంది. దిగుడులో ఆగదు.

"యేసేబూ, ఇంక నా చేతిలో ఏం లేదు. కొత్తది ఇంట్లో పెట్టుకోండి. సెలక్షన్ల దాకా పాతదే తొక్కనీ."

"సారు పొద్దన్నే వాకింగుకొచ్చేది అమ్మి తొక్కే రోడ్డుకే గదన్నా. పాత బండి మీద కనపడితే ఏమనుకుంటాడు? సంఘమంతా ప్రార్థన చేసి ఇచ్చినారు. మూలన పెట్టినామంటే రేపు ఎవురి మొహం ఎట్టా చూసేది?"

"నీ మొహమాటం తగలెయ్య! బిడ్డ వేళ్ళు చూడరా ముందు!"

అంగడి దద్దరిల్లేలా అరిచాను. యేసేబు తల వంచుకున్నాడు. ఆ పిల్లే నాకు సర్దిచెప్పింది. "మెల్లిగా పోతాలే అన్నా."

మెల్లిగా పోతే సెలక్షన్లో ఎవరు తీసుకుంటారు? మర్రిపాడు వైపు రోడ్డు ఎక్కుడూ దిగుడూ. సాధన చేసేవాళ్ళకు అంతకంటే మంచి దారి లేదు. మూడోవారంలో ఒక పొద్దున, దిగుడు చివర గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. అంతా చూసిన కాపరి తర్వాత నాతో అన్నాడు: "అమ్మి దూరంగానే చూసిందయ్యా. బ్రేకు పట్టుకోడానికి ముందుకు వంగింది గానీ బండి ఆగలా. గొర్రెపిల్లలమీదికి పోతాదని పక్కకు కొట్టేసింది." కొట్టేసిన పక్కన కిలోమీటరు రాయి ఉంది. ఎడమ మోచెయ్యి నుజ్జయింది.

పోలీసులు చూశాక బండిని నా అంగటికే తెచ్చారు. బ్రేకు రబ్బర్లు కొత్తవి, వైర్లు బిగుతుగా ఉన్నాయి, దేనికీ వంక లేదు. హ్యాండిలుకు చుట్టిన టేపు మాత్రం మధ్యలో, సీటుకు దగ్గరగా ఉండే అడ్డ గొట్టం మీద, చెమటకు నల్లబడి అరిగిపోయింది. బ్రేకులుండే కొమ్ముల దగ్గర ఇంకా కొత్తగానే ఉంది. చేతులు అందక ఆ పిల్ల అన్ని రోజులూ బ్రేకుల్లేని చోట పట్టుకుని తొక్కింది. అది చూశాక ఆ పూట నేను పని చెయ్యలేకపోయాను.

నెల్లూరు ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేశారు. మోచెయ్యి సగమే వంగుతుంది. ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకోవు. సెలక్షన్లు జరిగిన రోజున ఆ పిల్ల ఆ ఊళ్ళోనే, మంచం మీద ఉంది.

దేవసహాయం సారు పండ్లు తీసుకుని వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ప్రార్థన చేశాడు, చేస్తూ ఏడ్చాడు. తర్వాత మంచం పక్కన కూర్చుని, "తల్లీ, బండేమన్నా ఇబ్బంది పెట్టిందా?" అని అడిగాడు.

యేసేబు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"లేదు సార్. గొర్రెలు అడ్డమొచ్చినాయి" అంది సలోమి.

చెయ్యి విడిపించుకుని వరండాలోకి వచ్చేశాను. సారు నా వెనకే వచ్చాడు.

"నిజం చెప్పరా ప్రభుదాసూ."

"ఆ రోజే చెప్పినా గద సార్."

బెంచీ మీద కూర్చున్నాడు. "నాతో ఒక్క మాట అనుండొచ్చు గదరా ఆ బిడ్డ. నేనేమన్నా కొరుక్కు తింటానా?" అన్నాడు.

"మీరు చెడ్డోళ్ళయితే ఎప్పుడో అనుండేది సార్."

ఆ మాట అన్నందుకు నాకు బాధ లేదు. ఆ వయసులో ఆయన అది విని తట్టుకోవాల్సి వచ్చిందే అని మాత్రం ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ తర్వాత ఆయన సంఘం పెద్దరికం వదిలేశాడు. ఎందుకని ఎవరడిగినా ఒంట్లో బాగాలేదనేవాడు.

మరుసటేడు సలోమి పది పాసైంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మద్రాసు నుంచి ఇంకో చిన్న సైజు పాత బండి తెప్పించాను. రెండు బ్రేకుల వైర్లూ కుడిచేతి పిడికే కలిపాను. ఒక్కచేత్తో నొక్కితే రెండు చక్రాలూ పట్టేస్తాయి. కష్టమైన పని, బాగా కుదిరింది. కబురు చేస్తే తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. సలోమి వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చి దిగింది. యేసేబు ముఖం వెలిగిపోతోంది. నా ముఖమూ అట్లాగే ఉండుంటుంది.

"ఎట్టుండాదమ్మా?"

"బాగుండాదన్నా."

అదే గొంతు. అదే తొందర. సారుకు చెప్పిన మాటే నాకూ చెప్పింది. ఇచ్చేవాడి చోట ఈసారి నేను నిలబడి ఉన్నాను.

యేసేబును టీ తెమ్మని పంపించాను. గుడ్డ తీసుకుని గొలుసు తుడుస్తూ, ఆ పిల్ల వైపు చూడకుండా, నోటికొచ్చిన అబద్ధం ఒకటి ఆడాను. "నువ్వు బాగుండాదంటే నాకే నష్టం తల్లీ. ఉదయగిరి నుంచి ఒకాయన ఈ బండి కోసం రెండుసార్లు వచ్చి పోయినాడు. నీకొద్దంటే నా గిరాకీ నిలబడతాది."

సలోమి హ్యాండిలు మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత నీళ్ళలోంచి తల బయటికెత్తినట్టు ఒక్కసారి ఊపిరి వదిలింది.

"అయితే ఆయనకే ఇచ్చెయ్యన్నా. బండెక్కితే ఆ రాయే కనపడతా ఉండాది. గొర్రెల గంట ఇనపడినా పక్క సందులోకి పోతా. నాయనకు నువ్వే చెప్పు. నేను నిమ్మకాయలకు పోతా."

ఇప్పుడు నా అంగట్లో కొనిచ్చేవాళ్ళు ఎవరైనా సరే, తండ్రయినా మేనమామయినా, బయట బెంచీ మీద కూర్చోవాల్సిందే. ఎక్కేవాళ్ళను లోపల ఒంటరిగా అడుగుతాను. కొందరు అలిగి పోతారు, పోనీ. అడిగేటప్పుడు బాగుందా అని మాత్రం అనను. ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పమంటాను.