మజ్జిగ గ్లాసు పందెం

మొన్న శనివారం అల్ఫారెట్టాలో మన సరుకుల కొట్టు ముందు ఎనభైల నాటి ఎర్ర కమారో కారు ఒకటి ఆగి ఉంటే, చేతిలో గోంగూర కట్టతో అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ రెండుసార్లు పిలిచి, ఇక లాభం లేదనుకుని కారులో ఏసీ వేసుకుని కూర్చుంది. నా పిచ్చి ఆమెకు కొత్త కాదు.

ఎడిసన్ దగ్గర కాపురమున్నప్పుడు నాదీ అలాంటి బండే. మా ఆవిడా, వాళ్ళక్కా గుంటూరు నుంచి ఈ దేశానికి నర్సులుగా వస్తే, వాళ్ళ వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ వచ్చిన భర్తలం నేనూ, మా తోడల్లుడూ. ఉద్యోగం దొరకగానే ఆయన మస్టాంగ్ కొన్నారు, నెల తిరక్కుండానే నేను కమారో కొన్నాను, పిల్లలు పుడితే ఎక్కడ కూర్చుంటారన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. సిగ్నల్ పచ్చబడితే తన బండి వెనక లైట్లు తప్ప నాకేమీ కనబడవని ఆయన, రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టుండవనీ, మలుపులో పట్టు చూపించేదే బండి అనీ నేను. ఆదివారం తెలుగు ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర మా గోల వినలేక పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని వేరే బల్లకు పోయేవారు.

అప్పుడొచ్చారు మామగారు. ముప్పై ఏళ్ళు ఒక్క యాక్సిడెంటు లేకుండా బస్సు నడిపిన మనిషి. ఆయన నోట పెద్దల్లుడి మాటే తప్ప నా మాట వచ్చేది కాదు, అది నాకు పెళ్ళైన నాటి నుంచీ బాధే, దాచుకోవడమెందుకు. ఈసారైనా నా బండి బాగుందని ఆయన చేత అనిపించుకోవాలని పంతం పట్టాను.

ఏది మంచిదో చెప్పమని ఇద్దరం వెంటపడితే, ఆయన గ్లాసు నిండా కొత్తిమీర వేసిన మజ్జిగ పోయించుకుని, ఇది తొణక్కుండా నన్ను చర్చికి చేర్చినదే మంచి బండి అన్నారు. ముందు మస్టాంగ్ ఎక్కారు. మొదటి సిగ్నల్ దగ్గరే మా తోడల్లుడు కాలు అదిమితే మజ్జిగంతా ఆయన తెల్ల చొక్కా మీదికొచ్చింది. ఇంటికొచ్చి చొక్కా మార్చుకుని, గ్లాసు నింపుకుని నా బండెక్కారు. నేను లోలోపల నవ్వుకుంటూ, కావాలనే గుట్ట చుట్టూ తిరిగే దారి పట్టాను. బండి ఎక్కడా ఒరగలేదు, జారలేదు. ఆ సంబరంలో బండి ఒరగకపోయినా మజ్జిగ ఒరుగుతుందన్న సంగతి మరిచాను. గ్లాసు ఖాళీ, నా కొత్త సీటు నిండా కొత్తిమీర.

మూడోసారి మా ఆవిడ డ్యూటీకి నడిపే పాత స్టేషన్ వ్యాగన్ ఎక్కారు. ఆవిడే నడిపింది, మేమిద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. చర్చి ముందు ఆయన తీరిగ్గా మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "బండ్ల సంగతి తర్వాత, నడపటం వచ్చింది మా పిల్లకే" అన్నారు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో మాత్రం నన్ను పక్కకు పిలిచి, "బండి మీదే బాగుంది అల్లుడుగారూ, పెద్దాయనతో అనమాకండి" అన్నారు. ఆ ఒక్క మాటతో దాదాపు నలభై ఏళ్ళు కులాసాగా బతికాను.

రెండేళ్ళ కిందట, మంచాన పడిన మా తోడల్లుణ్ణి చూడబోయాను. ఆయన తలుపు వైపొకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు తమ్ముడూ, ఏమనుకోకు. మామగారు వెళ్ళేటప్పుడు నా బండే బాగుందన్నారయ్యా, నీతో అనొద్దన్నారు" అన్నారు. నాతో అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. నిజమేనన్నయ్యగారూ, మీ బండే మంచిదని ఒప్పుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు కార్లకు చప్పుడే లేదు, ఏది ఎంత వేగమో, మలుపులో ఎంత నిలుస్తుందో ఫోనే చెప్పేస్తుంది, వాదించుకోవడానికేమీ మిగల్లేదు. మిగిలినా ఎవరితో వాదించను? మా తోడల్లుడు పోయి ఏడాదవుతోంది. ఆయన ఉండగా ఒక్కసారైనా ఓడిపోయినందుకు నాకు సంతోషంగానే ఉంది. ఎయిర్‌పోర్టులో గెలిచిన మాట మాత్రం ఇంకెవరితో చెప్పుకోను? అందుకే మీతో చెబుతున్నాను.