అన్నీ తవ్వే పెద్దమ్మ

నీటి సరఫరా శాఖలో ముప్పై ఏళ్ళపాటు తారు కింద పూడిపోయిన వాల్వు మూతల్ని వెతికి పెట్టిన మనిషిని, రిటైరయ్యారుగా ఇక కూర్చోండి అంటే కూర్చుంటుందా? కూర్చోలేదు. చేతికందిన డబ్బుతో నీళ్ళలో కూడా పనిచేసే మెటల్ డిటెక్టర్ కొనుక్కుంది. మోకాళ్ళకి మందు రాసుకునే వయసులో కూత వినడానికి చెవులకు హెడ్‌ఫోన్ డబ్బాలు తగిలించుకుని సరస్సులో దిగుతుంటే నవ్వని వాళ్ళు లేరు. యంత్రం కూతను బట్టి ఆమెకు కుయ్ పెద్దమ్మ అని పేరు పెట్టారు. మీ నోళ్ళు మీ ఇష్టం అనుకుంది. ఉంగరమో తాళంచెవో పోతే ఆ నోళ్ళే ఆమె గుమ్మం ముందు బతిమాలేవి.

ఒకరోజు చెల్లెలి కూతురు ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో వచ్చింది. సరస్సు ఒడ్డున అతిథిగృహంలో గదులు శుభ్రం చేసే పిల్ల. అక్కడ దిగిన ఒకావిడ సన్నటి బంగారపు ఉంగరం పోయింది. మంచం పక్క బల్లమీదే పెట్టినట్టు గుర్తు అంది ఆవిడ. గదిలోకి వెళ్ళింది నువ్వే కదా అన్నాడు మేనేజరు. పనివాళ్ళందరి ముందూ పిల్ల సంచీని కౌంటరు మీద బోర్లించి, దువ్వెననీ అన్నం డబ్బానీ మార్చుకునే బట్టల్నీ వేలితో కెలికాడు. ఏమీ దొరకలేదు. అయినా రేపు సాయంత్రంలోగా ఉంగరం తెచ్చివ్వకపోతే పోలీసులకి అప్పగిస్తానన్నాడు.

పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఆ రోజు ఈతకు వెళ్ళిందా అని మాత్రం అడిగింది. చన్నీళ్ళలో వేళ్ళు సన్నబడతాయి, ఉంగరం జారినా తెలియదు. వెళ్ళిందట. మేనేజరు ఆ అనుమానంతోనే ఇద్దరిని పిలిపించి నీళ్ళలో వెతికించాడట. నల్ల సూట్లు, ఖరీదైన యంత్రాలు. రెండు గంటలు తిరిగి ఏమీ లేదని తేల్చేశారు. దాంతో దొంగతనం పిల్ల నెత్తిన ఖాయమైంది.

"వాళ్ళ సంచిలో రేకు ముక్కలు ఎన్ని పడ్డాయే?"

"ఒక్కటీ లేదు పెద్దమ్మా. చేతులకి మట్టి కూడా అంటలేదు."

పెద్దమ్మకు సంగతి అర్థమైంది. ఆ యంత్రాలకు చెత్త నోరు నొక్కే మీట ఒకటుంటుంది. అది తిప్పితే రేకు ముక్కలకు యంత్రం కూయదు, నడుముకు సుఖం. కానీ సన్నటి ఉంగరమూ రేకు ముక్కా యంత్రానికి ఒకే గొంతుతో వినిపిస్తాయి. ఒకదాని నోరు నొక్కితే రెండోదీ నోరెత్తదు. పెద్దమ్మ కూడా కొత్తలో ఆ మీట తిప్పుకుని, పెరట్లో పడిపోయిన సొంత చెవి కమ్మను వారం రోజులు తొక్కుకుంటూ తిరిగింది. ఆ తర్వాత మీట జోలికి పోలేదు. ఏది కూసినా తవ్వడమే.

తెల్లవారగానే, ఉంగరం పోయినావిడ తువ్వాలు పరుచుకున్న చోట ఇసుకంతా పెద్దమ్మ ముందు జల్లెడ పట్టింది. ఒక హెయిర్‌పిన్ను, రెండు సీసా మూతలు. తర్వాత నీళ్ళలో దిగింది. మేనేజరు పరిగెత్తుకొచ్చి, ఒడ్డు మాది, బయటికి రమ్మని కేకలేశాడు.

"ఒడ్డు మీదైతే ఒడ్డున నిలబడండి. నీళ్ళు మీవి కావు," అని పెద్దమ్మ చెవులకు డబ్బాలు తగిలించుకుంది.

ఛాతీ లోతు నీళ్ళు. కూత వినగానే అక్కడ కాలు ఆనించి, చిల్లుల పారతో ఎత్తేది. ఇసుక జారిపోయి రేకు మిగిలేది. దాన్ని నడుముకు కట్టుకున్న బుట్టలో వేసి, మళ్ళీ కూత, మళ్ళీ రేకు. మధ్యాహ్నానికి పెదవులు నీలం తిరిగాయి. చాల్లే, వచ్చెయ్ పెద్దమ్మా అని ఒడ్డునుంచి పిల్ల ఏడుస్తూనే ఉంది. ఒకవేళ నిజంగానే ఇక్కడ లేకపోతే? కానీ తాను ఉత్తచేతులతో గట్టెక్కితే ఈ పిల్ల జన్మంతా దొంగే. ఇంకో అడుగు వేసింది. ఇంకో కూత. పారలో రేకు ముక్క, దాని పక్కన ఉంగరం.

ఉంగరాన్ని కడగలేదు. చెత్తతో పాటే బుట్టలో వేసి, నీళ్ళోడుతూ లోపలికి నడిచి, సరిగ్గా అదే కౌంటరు మీద బుట్ట బోర్లించింది.

"ఉంగరం ఇందులో ఉంది. పిల్ల సంచీ కెలికారుగా, ఇదీ కెలకండి."

ఉంగరం గల ఆవిడ చూస్తుండగా మేనేజరు బురదలో వేళ్ళు పెట్టక తప్పలేదు. దొరికింది. ఆవిడ కళ్ళనీళ్ళతో పిల్ల చేతులు పట్టుకుని క్షమించమంది. మేనేజరు మాత్రం రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ, "సరే, దొరికిందిగా. ఇదంతా తుడిచేసి పనిలోకి వెళ్ళు," అన్నాడు పిల్లతో.

పెద్దమ్మ నోరు తెరిచేలోగా పిల్లే మాట్లాడింది.

"నా సంచీ బోర్లించినప్పుడు ఎవరెవరున్నారో అందర్నీ పిలవండి. నేను దొంగను కాదని వాళ్ళ ముందు చెప్పండి. అప్పటిదాకా ఈ చెత్త ఇక్కడే ఉంటుంది."

పెద్దమ్మ తడిబట్టలతోనే కుర్చీ లాక్కుని కూర్చుంది. మేనేజరు వంటగది వైపు తిరిగి పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టాడు.