పీర్లకు మొక్కిన పేరు

ఆ రోజు నేను అబద్ధమాడాను. పంజాగుట్టలో షేర్ ఆటో ఎక్కితే, పక్కన ట్రంకుపెట్టెతో ఉన్న కుర్రాడు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుకు వచ్చానని, రూమ్ దొరుకుతుందా అని అడిగాడు. మా గదిలో ఒక మంచం ఖాళీగానే ఉంది. పేరడిగాను.

"హుస్సేన్."

"ఖాళీ లేదు," అన్నాను.

"పొద్దుగాల్నుంచి పేరు చెప్పంగనే గిదే మాటన్నా. మేం హిందువులమే. నా ముంగట పుట్టిన ముగ్గురు బతకలే. అమ్మ మొహర్రం పీర్లకు మొక్కినంక నేను బతికిన, గందుకే పీరు పేరు వెట్టింది. గా పేరెట్ల దాస్త? ఇయ్యాల రూమ్ దొరకకుంటే ఊరికి మళ్లిపోవుడే."

హిందువని వినగానే మంచం సంగతి నోటిదాకా వచ్చింది. అందుకు మరింత సిగ్గేసి మొహం రోడ్డువైపు తిప్పుకున్నాను. అతను దిగి వెళ్లిపోయాడు.

వారం రోజులు కోచింగ్ సెంటర్ల దగ్గర వెతికాను, కనిపించలేదు. తర్వాత గేటుకు 'మంచం ఖాళీ' అని కాగితం అంటించి, మొదట వచ్చినతనికి పేరడక్కుండా తాళంచెవి ఇచ్చాను.