హ్యామర్ మీది గాటు

కరోనా సద్దుమణిగిన ఏడాది జరిగిన సంగతి ఇది. పాశమైలారం రోడ్డులో నాకొక చిన్న మెషిన్ షాపు ఉంది. అంతకుముందు చాలా ఏళ్లు ఒక కర్మాగారం టూల్‌రూమ్‌లో పనిచేశాను. అక్కడ మాకొక నియమం: డ్రాయింగ్‌లో లేని గీత భాగం మీద ఉంటే అది దెబ్బే. ఆ నియమమే నా చేత తప్పు చేయించిందని కొన్నాళ్లు చెప్పుకున్నాను. చేయించింది నా గర్వం.

సంగారెడ్డిలో బట్టల దుకాణం నడిపే గౌస్ సాబ్ ఒకరోజు ఠాణా అనుమతి కాగితాలతో పాటు గుడ్డలో చుట్టిన పాత రివాల్వర్ తెచ్చాడు. గొట్టంలో ఎప్పుడో సీసం పోసి మూసేశారు, ఇక పేలదు. ఇప్పటి తూటాలు రాకముందు కాలపుది. తిరిగే చక్రంలోని ఒక్కో గదిలో మందు, గుండు కూరి, వెనక పెర్కషన్ క్యాప్ అనే చిన్న రాగి టోపీ తొడిగేవారు. హ్యామర్ ఆ టోపీని కొడితే నిప్పు రాజుకునేది.

"మా పర్‌దాదాది సాబ్, తాత వాళ్ల నాయినది. నవాబుల దేవిడీల పహరా కాసెటోడు. మ్యూజియపోళ్లు ఆయన పేరు రాసి పెడ్తమంటున్నరు. మా చిన్నాయన కొడుకులేమో బజార్ల కొన్న మాల్ అని నవ్వుతున్నరు. జెర జంగు తీయుండ్రి, ఇంకేం ముట్టకుండ్రి."

"నా చేతిలో పడ్డాక మీరే గుర్తుపట్టరు, చూడండి," అన్నాను.

"నేనే గుర్తుపట్టకుంటె ఎట్ల సాబ్?" అని నవ్వాడు.

తుప్పు తీశాక హ్యామర్ ముక్కు మీద ఒక గాటు బయటపడింది. నడిమికి కాకుండా ఎడమకు ఒరిగి ఉంది. ఫోన్‌లో వెతికితే ఇలాంటిదే అనిపించిన రివాల్వర్ బొమ్మ దొరికింది. దాని హ్యామర్ నున్నగా ఉంది. ఇంకేం, గాటును వెల్డింగ్‌తో పూడ్చి, ఆకురాయితో సాపు చేశాను.

తీసుకోవడానికి వచ్చిన గౌస్ సాబ్ బొటనవేలితో హ్యామర్‌ను తడిమాడు. మళ్లీ తడిమాడు.

"ఈడ గాటుండె."

"దెబ్బ తినుందండీ, పూడ్చేశాను. కొత్తదానిలా లేదూ?"

"దెబ్బ గాదు సాబ్, నిశానా చూసే గాటు. మా పర్‌దాదాకు కుడికన్ను కనవడకుండె. ఎడమ కంటికి కుదిరేటట్టు దాన్ని ఆయనే ఆకురాయితోని పక్కకు రాసుకున్నడు. మా దాదా నా వేలు వట్టి తడిమిచ్చి చెప్పిండు. నాకున్న గవా అదొక్కటే."

గవా అంటే సాక్షి. ఆయన కోప్పడలేదు. గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు సరిగ్గా వెతికి చదివాను. తొలి రకాల్లో మందుగదుల మీదుగా ఇనుప పట్టీ ఉండదు. గొట్టాన్ని ఒక చీలతో బిగిస్తారు. వెనక గురిగాటు పెట్టడానికి పైన చోటు లేక దాన్ని హ్యామర్ ముక్కు మీదే కోసేవారు. హ్యామర్ వెనక్కి లాగితే గాటు కంటి ఎదుటికి లేస్తుంది. తరువాతి రకాల్లో బలం కోసం పైన పట్టీ వచ్చింది, గురిగాటు ఆ పట్టీ మీదికి మారింది, హ్యామర్ నున్నబడింది. నేను చూసిన బొమ్మ ఆ తరువాతి రకానిది. డ్రాయింగ్ మారితే దాన్ని కొత్త రివిజన్ అంటాం. పాత రివిజన్ భాగాన్ని కొత్త డ్రాయింగ్‌తో కొలిచారని ఎందరినో తిట్టినవాణ్ణి నేనే.

సంగారెడ్డి వెళ్లి, "మళ్లీ కోసిస్తానండీ," అన్నాను.

"కోస్తరు. మీ చేతిల పనితనముంది. గని అది మీ గాటయితది, మా పర్‌దాదాది గాదు." కాసేపు తానులు సర్దాడు. "దాన్ని ఆఖరుకు సూసింది మీరు. మ్యూజియపోళ్ల ముంగట మీరే చెప్పాలె. మావోళ్లు గూడ ఉంటరు. నేను చెప్తె నవ్వుతరు."

వెళ్లాను. హ్యామర్ మీద వేలు పెట్టి, గాటు ఎక్కడుండేదో, ఎటు ఒరిగేదో, చేత్తో ఆకురాయి పట్టి రాసిన గుర్తులు ఎలా ఉండేవో చెప్పాను.

"మరి ఇప్పుడేదీ?" అన్నాడు మ్యూజియం అధికారి.

"నేనే పూడ్చేశాను."

చిన్నాయన కొడుకులు నవ్వలేదు. అధికారి కలం తీసి గౌస్ సాబ్ వైపు తిరిగి, "మీ పర్‌దాదా పేరు?" అని అడిగాడు.

ఇప్పుడు నా షాపుకు పాత వస్తువు ఏది వచ్చినా, ఆకురాయి అందుకునే ముందు తెచ్చినవాళ్ల చేతికే దాన్ని ఇస్తాను. ఒకసారి మీ వేలితో తడిమి చూపించండి, ఏ గీత ఎవరిదో చెప్పండి అంటాను.