దుప్పట్లు ఉతికిన నీళ్ళు

ఎండాకాలం వస్తే ఉదయగిరిలో మా వీధికి ట్యాంకరే దిక్కు. పట్టుకున్న నీళ్ళలో సగం మా అత్త పక్క గుడ్డలకే పోయేవి. ఆమె మంచాన పడి, పక్కలోనే తడుపుకోవడం మొదలైనప్పటి నుంచి పొద్దునా సాయంత్రం దుప్పట్లు ఉతకడమే నా బతుకైపోయింది. పైకి ఏమీ అనేదాన్ని కాదు. అనకపోయినా, బకెట్ కింద పెట్టే చప్పుడులోనే మనిషి విసుగు తెలిసిపోతుంది.

ఆమెకు తెలిసింది. నీళ్ళు తాగడం మానేసింది. గ్లాసు నోటి దాకా తీసుకెళితే పెదాలు తడుపుకుని చాలనేది. మూత్రంలో మంట, పైన జ్వరం. ఆత్మకూరు తీసుకెళితే డాక్టరమ్మ మందులు రాసి, నీళ్ళు బాగా తాగకపోతే కిడ్నీలు దెబ్బతింటాయని గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చాక బతిమాలాను, విసుక్కున్నాను, తిట్టాను కూడా.

"తాగి మళ్ళీ నీ చేతే ఉతికించుకోనా? నాకు దప్పిక లేదు, పో" అంది అత్త.

అంత మొండిమనిషిని నేను చూడలేదు. ఏం చెయ్యాలో తోచక భయమేసేది.

ఇదిలా ఉంటే, ఉతికిన నీళ్ళు వీధిలోకి పారుతున్నాయని పక్కింటివాళ్ళు గొడవకొచ్చారు. మా ఆయన పెరట్లో బట్టలుతికే బండ వెనక గుంట తవ్వి కంకర, ఇసుక నింపాడు. ఊళ్ళో కొయ్య గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర మిగిలిన కొయ్యముక్కలు కాల్చి ఆ బొగ్గూ పోశాడు. పైన మెట్టతామర నాటాడు. మురికంతా అందులో ఆగి, అవతలికి వచ్చే నీళ్ళు తేటగా ఉండేవి. వాటిని గేదె కోసం వేసిన గడ్డికి మళ్ళించాం. మొదట్లో సర్ఫు ఎక్కువై గడ్డి పసుపెక్కింది. కుంకుడురసానికి మారాక తిప్పుకుంది. నాకు మాత్రం పని తగ్గలేదు, కుంకుళ్ళు కొట్టుకోవడం అదనంగా చేరింది.

రోహిణి ఎండలకు ఊళ్ళో పచ్చిపరక లేదు. మా పెరట్లో గడ్డి మోకాలెత్తు లేచింది. ఒక సాయంత్రం ఉక్కపోతకు అత్త మంచాన్ని పెరట్లోకి లాగాం. ఆమె తల తిప్పి గడ్డి చూసింది.

"ఇంత ఎండలో దీనికి నీళ్ళు యాడివమ్మే?"

"నీ దుప్పట్లు ఉతికినవే అత్తా. వేరే చుక్క పొయ్యలేదు."

నమ్మలేదు. మా ఆయన గుంట దగ్గర నుంచి కాలవ దాకా చేత్తో చూపిస్తూ చెప్పాడు. గేదె గడ్డి నములుతూనే ఉంది. అత్త దాన్నే చాలాసేపు చూసింది.

"అయితే ఒక చెంబు నీళ్ళు ఇయ్యి" అంది. "గొడ్డు ఇంకా ఆకలిగా ఉండాది."

తలకింద చెయ్యిపెట్టి పట్టుకుంటే చెంబు మొత్తం తాగింది. మర్నాడు పొద్దున దుప్పటి ఎత్తలేనంత బరువుగా ఉంది. నడుము విరిగిపోతున్నా, అది అంతగా తడిసినందుకు సంతోషం వేసింది.