వడ్లాయన కడపటి బిగింపు

మా పక్కింట్లో కొయ్యపని చేసే వడ్లాయన పోయినాడు. పోయిన వారం పొద్దున్నే కాపీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కొట్టంలో తన మొద్దు మీద కూర్చున్నాడు. అట్లే గోడకు ఆనుకొని పోయినాడు. చేతిలో కొయ్య చెక్కే బాడిస ఉండె. పని చేస్తా చేస్తా పోయినాడని ఊరంతా అనింది. నేను పోయి చూస్తిని, కింద ఒక్క చెక్కపొట్టు లేదు. చేస్తా కాదు, మొదలుపెట్టబోతా పోయినాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పల్ల.

అందుకే ఇది రాయిస్తాండా. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తాంటే మా కూతురి బిడ్డ రాస్తాంది. ఆయన్ని ఎత్తే ముందర అరుగు మీద ఒక మనిషి సెల్లు తీసి పక్కనోనికి చూపిస్తాన్నాడు. పలక మీద నిలబడిన ఆడపిల్ల తలకిందులుగా చెరువులో పడే బొమ్మ. "ఇదప్పా ముసలాయన కడపటి పని. బతుకంతా బిగించి బిగించి, ఆఖర్న పేరు పోగొట్టుకున్నాడు" అన్నాడు. పీనుగ ముందర గొంతు లేపరాదని ఊరికే ఉంటి. ఇప్పుడు లేపుతాండా. ఆ బొమ్మ నిజమే. అయితే అది సగమే. మిగతా సగం చూసినోళ్లు కొంతమందే, అందులో ఆయన పోయె. నేనూ పోయినంక ఆ సగం బొమ్మే ఆయన పేరు అయిపోతాది. నేనుండగా కానియ్యను.

వడ్లాయన అంటే మా పక్క గుంటకలకు పేరు. పైన కొయ్య, కింద ఇనుప బద్ద. ఎద్దులు లాగుతాంటే బద్ద నేల లోపల కత్తి మాదిరి పోతాది, పైన బరువుకు మనిషి నిలబడతాడు. బద్ద వదులైతే పైనున్నోని కాలు పోతాది. అందుకే ఆయన గుంటక ఇచ్చే ముందర తానే దాని మీద ఎక్కి, ఇంటెనక బయల్లో ఒక చుట్టు లాగించుకునేవాడు. "బిగించినోడే ముందు ఎక్కల్ల" అనేవాడు. పంచె ఎగ్గట్టి, ఒక చేత్తో మీసం దువ్వుకుంటా పోతాంటే ఆయన పెండ్లాం గడపలో నిలబడి, "మన పెండ్లిలో కూడా ఇంత ఠీవి లేకపాయె" అనేది. ఆయమ్మ పోయినంక ఆ మాట నేను అంటాంటి. ఎవురో ఒకరు అనకపోతే ఆయన దిగేవాడు కాదు.

పోయిన యేడు వానలు బాగా పడి మా చెరువు నిండింది. సముద్రం ఒడ్డున నీళ్ల ఆటలు నేర్పే కొలువులో ఉన్న మా పిల్ల, ఇదో ఇది రాసే పిల్లే, సెలవుకు వస్తా ఒక పలక తెచ్చింది. మనిషంత పొడుగు పలక. దాని కిందికి ఒక కడ్డీ, కడ్డీ కొసకు గద్ద రెక్కల మాదిరి రెక్క. హైడ్రోఫాయిల్ అంటారంట. తాడు కట్టి లాగితే రెక్క నీళ్లలో పోతా పలకను గాల్లోకి లేపుతాదంట.

వడ్లాయన దాన్ని తిరగేసి చూసినాడు. "ఇది గుంటకే కదమ్మా. ఎద్దులు యాడ?"

"మా నాయన ట్రాక్టరు తాతా, కట్ట మీద. రెక్కే కొంచెం ఆడతాంది. పాతది కొనింటి, బొక్కలు అరిగినాయి."

"కొంచెమా? గంగిరెద్దు తల మాదిరి ఆడతాంది."

నేను మధ్యలో పోతి. "అన్నా, అది ఊడి పిల్లకు తగిలిందంటే నీ బాడిస నీకే దించుతా."

"దించుదువులే చెల్లీ. ముందు ఆ పానా ఇట్లియ్యి."

కడ్డీ మొదట్లో ఇనుప పట్టీ, దానికి నాలుగు బోల్టులు. తాడిపత్రి బండ మీద గోనెసంచి పరిచి, పలకను బోర్ల పండబెట్టి, బొక్కల్లో ఇసక కడిగి, బోల్టులకు నూనె రాసినాడు. ఒకటి కొంచెం తిప్పి, దాని ఎదురుది కొంచెం తిప్పి, మళ్లా మిగతావి. "ఒకదాన్నే చివరిదాకా తిప్పితే మిగతా మూడూ అలుగుతాయమ్మా" అన్నాడు పిల్లతో. వదులు పోయేకి పట్టీకీ పలకకూ మధ్య తుమ్మ చేవ చీలిక కొట్టినాడు. "ఎండుది కొట్టల్ల. నీళ్లలో నానితే ఉబ్బి ఇంకా కరుస్తాది." పిల్ల కడ్డీ పట్టి రెండు చేతులా ఊపింది. రెక్క ఆడలేదు, పిల్లే ఊగింది.

మర్నాడు ఊరంతా కట్ట మీద చేరి సెల్లులు పైకెత్తినారు. మా అల్లుడు ట్రాక్టరు లాగినాడు. పలక లేయలేదు. ముక్కు కిందికి పెట్టి, పిల్లతో సహా చెరువులోకి మునిగింది. ఆ బొమ్మే మీరు చూసింది. ఊరు కడుపు పట్టుకొని నవ్వి అన్నాలకు పోయింది.

పిల్ల తలలో నాచుతో గట్టుకొచ్చి, తానూ నవ్వుతా, "తాతా, చీలిక ముందర కొట్టినావు. రెక్క ముక్కు కిందికి చూస్తాంది" అనె.

"కిందికే కదా చూడల్ల. లేకుంటే నేలలోకి ఎట్ల దిగుతాది?"

"ఇది దిగేది కాదు తాతా. లేసేది."

వడ్లాయన పలకను బోర్లించి రెక్క ముక్కును వేలితో తడిమినాడు. తర్వాత బొజ్జ అదిరేటట్టు నవ్వినాడు. "పుట్టినకాడ్నించి దిగేదే చేస్తి గదమ్మా. లేపమని నన్ను ఎవురూ అడగల్యా." గుంటకకు చీలిక ముందరే కొడతారు. చెయ్యి ఆ దోవనే పోయింది. ఊడింది ఏదీ లేదు. బిగింపు అదరలేదు. వాలు ఒకటే తప్పు.

సాయంత్రానికి చీలిక పీకి, కొత్తది చెక్కి, వెనక కొట్టినాడు. చెరువుకాడ పిల్ల పలక ఎక్కబోతే ఆపినాడు. "పొద్దున నేను ఎక్కకుండా ఇస్తి. అదీ తప్పే." నడుముల్లోతు నీళ్లలోకి దిగి, దున్నపోతు మీదికి ఎగబాకినట్టు బోర్ల పడి ఎక్కినాడు. కూర్చున్నాడు. అటూ ఇటూ ఊపినాడు. మీసం దువ్వినాడు. నేను గట్టు మీద నుంచి అంటి, "మీ పెండ్లిలో కూడా ఇంత ఠీవి లేకపాయె." అప్పుడు దిగినాడు.

ఆడ ఉన్నది మేము, అవతలి గట్టున మేకలు కాసే మనిషి. పిల్ల సెల్లు సంచిలో ఉండె, మా అల్లుని చేతులు స్టీరింగు మీద ఉండె, నాకు సెల్లే లేదు. నమ్మనోళ్లు వచ్చి పలకను ఊపి చూడండి. పిల్ల ఆయనకాడే వదిలి పోయినది, ఆయన కొట్టంలో గోడకు ఆనించి ఉండాది. నేను రోజూ ఊపుతాండా. ఇంత ఎండకూ ఆ చీలిక ఇసుమంత వదల్లేదు.

ట్రాక్టరు కదిలింది. పలక మొదట నీళ్లను కోస్తా గలగలమనింది. అంతలో సప్పుడు ఆగిపోయింది. పలక లేసింది. పిల్ల కొంగ మాదిరి మోకాళ్లు వంచి పోతాంది. పలకకూ నీళ్లకూ నడుమ మూరెడు సందు, ఆ సందులోంచి అవతలి గట్టు మీద మేకలు కనబడతాండాయి. వడ్లాయన నడుముల్లోతు నీళ్లలో, పానా తడవకుండా ఒక చేత్తో పైకి పట్టుకొని, చెవి నీళ్లకు ఆనేటట్టు తల వంచి ఆ సందులోంచి చూస్తా ఉన్నాడు, మేకలు ఒకటెనక ఒకటి దాటిపోతాంటే.