కూసే పంపు, కూయని పంపు

మా అబ్బాయికీ నాకూ తేలకుండా మిగిలిపోయిన తగాదా ఒకటుంది. వాడి మోటారుసైకిలుకు కంపెనీ ఆయిల్ పంపు మంచిదా, బయట కొన్నది మంచిదా అని. నేను బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి. వాడేమో కొత్తపేటలో మా ఇంటి మెట్ల కింద కూర్చొని, రోడ్డు మీద నడిచే బండిని పందెం బండిగా మార్చే పని పెట్టుకున్నాడు. సిలిండర్ పెద్దది చేయించాడు, పిస్టన్ మార్చాడు. అంతవరకు నోరు మూసుకున్నాను. ఎల్బీ నగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం నుంచి కంపెనీదాని కంటే పెద్దదైన బయటి పంపు తెచ్చిన రోజు మాత్రం ఊరుకోలేకపోయాను.

"కంపెనోడు పిచ్చోడనుకున్నవారా? ఆడు లెక్కలు జూసే పెట్టిండు," అన్నాను.

"ఆడు లెక్క జేసింది పాత ఇంజిన్‌కు నాయినా. గిప్పుడిది గా ఇంజిన్ గాదు. గింత స్పీడు తిరిగితే గా పంపుతోని పైదాక నూనె అందదు, ఎండిపోయి పిస్టన్ పట్టేస్తది."

పెద్ద పంపును తిప్పడానికే ఇంజిన్ బలం కొంత పోతుందన్నాను. అక్కర్లేని ఒత్తిడి పెరిగి నూనె వేడెక్కుతుందన్నాను. నేను చెప్పిందీ నిజమే, వాడు చెప్పిందీ నిజమే. తండ్రిని కదా, నేనెందుకు తగ్గుతాను?

ఆ బయటి పంపుకు ఒక గుణం ఉంది. దాని గేరు పళ్లు నిటారుగా కోసినవి కాబట్టి తిరిగేటప్పుడు కూస్తుంది. కుక్కర్ విజిల్ వేయడానికి ముందు సన్నగా ఈల పడుతుందే, అలాగ. సైలెన్సర్ మోత మా కాలనీలో కుర్రాళ్లందరి బండ్లకూ ఉంది గానీ ఈ కూత వాడొక్కడిదే. వాడు మలుపు తిరగకముందే మా ఆవిడ స్టవ్ తగ్గించి, పోయి గేటు తీసేది. వాడు దిగకుండా నేరుగా లోపలికి వచ్చేవాడు. "మారాజుగారు ఒచ్చిండ్రు," అని నేను పేపరు వెనక నుంచి దెప్పేవాణ్ణి.

విప్పిన కంపెనీ పంపును నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. "నీ పంపు పైలంగనే ఉన్నది నాయినా, పరేషాన్ గాకు," అనేవాడు.

పోయిన వానాకాలం వాడికి జ్వరం వచ్చింది. దవాఖానకు నడిచి వెళ్లినవాడు నడిచి రాలేదు. ఇంతకంటే రాయడం నావల్ల కాదు.

బండి మెట్ల కింద మిగిలింది. నడపకుండా వదిలేస్తే ఇంజిన్ పాడవుతుంది. కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం బయటికి తీసి, మెట్రో స్తంభాల వెంట దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి వచ్చాను. సందులోకి తిరిగేసరికి మా గేటు బార్లా తీసి ఉంది. మా ఆవిడ చేతిలో గరిటెతో నిలబడి ఉంది. నన్ను చూడగానే ముఖం వాలిపోయింది. లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారమూ అంతే. నాకు దుఃఖం వచ్చినా కోపంగానే వస్తుంది, ఏం చేయను. "ఆడు లేడని తెల్వదా నీకు?" అని కసిరాను.

"నాకు ఎర్కనే," అంది. "కాళ్లకే ఎర్క లేదు."

డిపోకు చప్పుడుతో బస్సు వస్తే ఏం చేయాలో నాకు తెలుసు. చప్పుడెక్కడిదో వెతికి ఆ భాగం మార్చడమే. ఆమె గుడికి పోయిన పూట అటక ఎక్కి కంపెనీ పంపు దించాను. బయటి పంపు విప్పేసి దీన్ని బిగించాను. ఇంజిన్ మెత్తగా తిరిగింది. కూత లేదు. నెమ్మదిగా నడిపే నా బోటివాడికి ఆ పంపు చాలు. తగాదా గెలిచాననుకున్నాను.

ఆ ఆదివారం తిరిగొచ్చేసరికి గేటు మూసి ఉంది. నేను కోరుకున్నది అదే. అయినా హారన్ కొట్టడానికి చేయి రాలేదు. వాడు రాడన్న సంగతి నాకు దవాఖానలో కంటే ఆ గేటు ముందు గట్టిగా తెలిసింది. ఇంజిన్ ఆపకుండా, పక్కింటివాళ్లు చూస్తున్నా సరే, బండి మీదే కూర్చొని ఏడ్చాను.

చెత్తబుట్ట పెట్టడానికి ఆమె బయటికి వచ్చింది. "ఎప్పుడొచ్చినవ్? ఇనబడనే లేదు," అంది. తర్వాత ఇంజిన్ వైపు చూసి, కాసేపు చెవి పెట్టి విన్నది.

"పంపు మార్చినవా?"

తలూపాను.

"నీకు అన్నీ రిపేర్లేనయ్యా," అంది. "పొయ్యి కాడికెల్లి గేటు దాక ఉరికేటప్పుడు, గా నాలుగు అడుగులు నాకు కొడుకున్నడు. గది గూడ తీసేసినవ్."

ఆ సాయంత్రమే మళ్లీ విప్పాను. ఆమె పక్కన పీట వేసుకొని కూర్చొని, అడిగిన పానా అందించింది. వాడి పంపు బిగించి, నా పంపును అటక మీదికి ఎక్కించాను.

ఇప్పుడు ఆదివారాలు మలుపు దగ్గర కాస్త ఎక్కువే రేజ్ ఇస్తున్నాను, కూత ఇంట్లోకి బాగా వినబడాలని. గేటు తీసి ఉంటుంది. వాడిలాగే దిగకుండా నేరుగా లోపలికి వస్తాను. నన్ను చూడగానే ఆమె ముఖం ప్రతిసారీ అలాగే వాలిపోతుంది.